మడమ దెబ్బ

మా చోడవరంలో రైలు పట్టా అన్నదే లేదు. అయినా ఆ మంగళవారం పొద్దున్నే నేను డ్యూటీకి బండి తీస్తుంటే ఎదురింటి గణపతిరావు పళ్ళు తోముకుంటూ, "ఏటి బంగార్రాజూ, రైలు మోటారు నువ్వే పాడు సేసేవంట?" అని అడిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నిన్న స్టేషన్లో అనుకున్న మాట తెల్లారేసరికి మా వీధిలోకి మోసిందెవరు?

నేను పాయింట్స్‌మన్‌ని. బ్రాంచి లైన్లో ఓ చిన్న స్టేషన్లో ఇరవై తొమ్మిదేళ్ళుగా లీవరు లాగి, రైలును ఒక పట్టా మీంచి ఇంకో పట్టాకి మళ్ళించాను. పోయిన వారం ఆ లీవరు పీకేసి మోటారు బిగించారు. ఇప్పుడు స్టేషన్ మాస్టరు ఫణిశ్రీ మేడమ్ గదిలో కూర్చుని బటన్ నొక్కితే, అరకిలోమీటరు అవతల పట్టా దానంతటదే జరుగుతుంది. పక్క పట్టాకి సరిగ్గా అతుక్కుంటే బోర్డు మీద దీపం వెలుగుతుంది. చెయ్యి వెయ్యకుండా ఇనుము కదిలితే నమ్మేయాలా? నా వల్ల కాలేదు. వారం రోజులూ పట్టాలు చీలే పాయింటు దగ్గరే నిలబడి, పట్టా జరిగిన ప్రతిసారీ అలవాటు కొద్దీ మడమతో ఒక్క తన్ను తన్ని మరీ చూసుకున్నాను.

సోమవారం మేడమ్ కోప్పడింది. "బంగార్రాజు గారూ, మీ కాలు ఇరుక్కుంటే ఎవరు బాధ్యులు? ఇకనుంచి అక్కడికి వెళ్ళొద్దు."

నన్ను సాగనంపడానికి ఇది మొదటి మెట్టు అనుకున్నాను. సరేనని బెంచీ మీద కూర్చున్నాను. ఆ పూటే దీపం వెలగడం మానేసింది! నాలుగుసార్లు నొక్కినా రాలేదు. పాసింజరు రైలు బయట గంటసేపు నిలబడిపోయింది. అందరూ నావైపే చూశారు. వద్దన్న రోజే పాడయిందంటే ఎవరి పని? నా అనుమానం మాత్రం పైవాళ్ళ మీద. పనికిరాని మోటారు తెచ్చి, తప్పు నా నెత్తిన రుద్దుతున్నారు.

మంగళవారం సిగ్నల్ ఇన్‌స్పెక్టర్ రామచంద్రమూర్తి గారు దిగారు. "కోపంలో ఏం చేశావో చెప్పెయ్. తర్వాత బయటపడితే ఉద్యోగం, పెన్షన్ రెండూ పోతాయి."

ఇంకా ఎనిమిది నెలల సర్వీసు ఉంది నాకు. "నేనేటీ సెయ్యలేదు బాబూ! కావాలంటే మీ మోటార్నే అడగండి" అని అరిచాను.

ఇద్దరం పాయింటు దగ్గరికి వెళ్ళాం. ఆయన ఫోన్లో చెప్పగానే మేడమ్ బటన్ నొక్కింది. పట్టా జరిగింది. పెన్ను పట్టేంత సందు మిగిలి ఆగిపోయింది. మోటారు గీపెడుతోంది. ఆయన వంగి చూస్తున్నారు. అంతలో నా కాలు, నన్ను అడగకుండానే లేచి, మడమతో ఒక్కటి ఇచ్చింది. టక్‌మని అతుక్కుంది.

"వచ్చింది సార్! దీపం వచ్చింది!" ఫోన్లో మేడమ్ కేక.

ఇన్‌స్పెక్టర్ నా చెప్పు వైపు చూశారు. పట్టా మీద చెయ్యి పెట్టి ఆ చివర నుంచి ఈ చివరకి తడిమారు. "ఒంపు ఉంది. మోటారు బిగించినవాళ్ళు వంచేసి ఉంటారు. వారం నుంచేనా ఇలా తన్నుతున్నావు?"

అవునంటే చాలు, నేను బయటపడతాను. నోటిదాకా వచ్చింది కూడా. కానీ వారమే అంటే వీళ్ళు మోటారు విప్పి బిగించి, ఒంపు పైపైన సరిచేసి పోతారు, పాత పట్టాని మార్చరు. రేపు నేను లేనప్పుడు దాని మీదికొచ్చిన రైలు పట్టా తప్పితే?

"పదకొండేళ్ళండి" అన్నాను.

"ఏంటీ! రిపోర్ట్ ఎందుకివ్వలేదు?"

"తన్నితే సరిపోతంది కదాని..."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పక్కకి చీలే ఆ లూపు లైను మూసెయ్యమని ఫోన్లో మేడమ్‌కి చెప్పారు. నన్ను డ్యూటీ దిగి ఇంటికి పొమ్మన్నారు, సస్పెన్షన్ కాగితం వెనకాల వస్తుందన్నారు. వారం రోజులుగా నేను అబద్ధాలకోరు అనుకున్న మోటారు, నా కాలు అడ్డం లేని మొదటి రోజే నిజం చెప్పింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ నూకరత్నం గుమ్మంలోనే ఉంది. "ఈదంతా కూస్తంది. నిజం సెప్పు, నువ్వే పాడు సేసేవా?"

"పాడు సెయ్యలేదే. పాడయిందని సెప్పలేదు."

అంతా చెప్పాను. పెన్షన్ సంగతి అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

"మన పిల్ల దేవిశ్రీ మొన్నటిదాకా మూడేళ్ళు కాలేజీకెళ్ళిన పాసింజరు, ఆ పట్టా మీంచేనా ఎళ్ళేది?"

"ఆ" అన్నాను.

"రోజూ దాన్ని నువ్వే ఎక్కించేవోడివి కదా" అంది నూకరత్నం.