ఒంటి చెప్పు

నేను ఒక చెప్పును. జతనని చెప్పుకునే భాగ్యం చాలాకాలం లేకపోయింది కాబట్టి ఒక చెప్పుననే చెబుతున్నాను. ఎడమకాలిది, గేదెతోలుతో కుట్టిన కిర్రు చెప్పు. మీలో కొందరు నన్ను పత్రికలో చూసే ఉంటారు. విదేశాంగ సహాయ మంత్రి ఓబుళపతి గారి ఛాతీకి తగిలి, ఆయన ముందున్న బల్ల మీద మంచినీళ్ల గ్లాసు పక్కన వెల్లకిలా పడి ఉన్న ఫొటో అది. నన్ను విసిరిన మనిషిని ‘ఒక ఆగంతకుడు’ అన్నారు. నన్ను మాత్రం ‘పాదరక్ష’ అని రాశారు. పుట్టిన తర్వాత నాకు అంత మర్యాద జరగడం అదే మొదలు.

నన్ను కుట్టింది పత్తికొండ బస్టాండు వెనక కూర్చునే తిమ్మప్ప. ఆముదం పట్టించి తోలును మెత్తబరిచి, రెండు పొరల మధ్య ఏదో పెట్టి కుట్టేవాడు. ఆ పెట్టేదేమిటో కట్టుకున్న పెళ్లానికి కూడా చెప్పలేదంటారు. మాకు కిర్రు వచ్చేది దానివల్లే. నేను సన్నగా కిర్రుమంటే నా కుడిది కాస్త బొంగురుగా బదులిచ్చేది. ఒకటి అడగడం, ఇంకొకటి చెప్పడం, నడిచినంతసేపూ అదే మా కాపురం. మనుషుల్లో ఇంతకన్నా మంచి కాపురాలు నేను ఎక్కువ చూడలేదు.

మమ్మల్ని కొన్నవాడు రంగస్వామి. ఎర్రగుడి కుర్రాడు, సైన్యంలో చేరి మొదటిసారి సెలవు మీద వచ్చాడు. తండ్రి మద్దిలేటి అప్పటిదాకా టైరు చెప్పులతోనే బతుకు నెట్టుకొచ్చిన రైతు.

“తొడుక్కో నాయినా. నువ్వొచ్చేది ఊరికంతా ముందే తెలియాల” అన్నాడు కొడుకు.

మొదట్లో మద్దిలేటిని బాగా కరిచాం. కొత్త చెప్పు కరవకుండా ఉండదు, అందులో మా తప్పేమీ లేదు. ఆయన మడమకు కాస్త ఆముదం రాసుకుని మళ్లీ మమ్మల్నే తొడుక్కున్నాడు. రచ్చబండ దగ్గర వాళ్లు “మంత్రిగారొస్తాండాడు, జరగండప్పా” అని ఆటపట్టిస్తే ఇంకాస్త గట్టిగా అడుగు వేసేవాడు.

రెండో సెలవుకు రంగస్వామి రాలేదు. సరిహద్దులో పొరుగు దేశం వాళ్ల కాల్పుల్లో పోయాడు. పెట్టె వచ్చింది, జెండా వచ్చింది. పెద్దలు వచ్చి ఫొటోలు దిగి వెళ్లిపోయారు. ఆ తర్వాత మద్దిలేటికి ఒక్క కోరిక మిగిలింది. కొడుకు చదువుకున్న ఊరిబడికి వాడి పేరు పెట్టించాలి. దానికోసం ఆయన చెప్పులరిగేలా తిరిగాడు. ఈ మాట మీరు ఊరికే వాడేస్తుంటారు కానీ, నా మడమ చూస్తే దాని అర్థం తెలుస్తుంది.

అలా తిరుగుతూ తిరుగుతూ ఒకరోజు టౌన్లో ఓబుళపతి గారి ఇంటికి చేరాం. నాయకుడి పలుకుబడి ఓట్లలో తేలుతుందని మీరనుకుంటారు. మేము గడప బయటి చెప్పుల్లో చూస్తాం. ఆ రోజు ఆయన వసారా మెట్ల కింద పెద్ద గుట్టే ఉంది. నిగనిగలాడే బూట్లు, జరీ చెప్పులు, వాటి మధ్య నలిగిపోతున్న హవాయి చెప్పులు. ఆ తొక్కిసలాటలో నేనూ నా కుడిదీ విడిపోకుండా ఉండటానికి నానా పాట్లు పడ్డాం. పొద్దు వాలేవేళకు మంత్రిగారు బయటికి వచ్చారు. మద్దిలేటి భుజం మీద చెయ్యి వేసి, చెప్పింది సగం విని, “చూద్దాంలే పెద్దాయనా” అని కారెక్కారు. చెడ్డమనిషి కాదు. గుట్ట పెద్దదైనప్పుడు ఏ జత ఎవరిదో ఎవరికి గుర్తుంటుంది?

ఆ ఏడాదే ఆయన పొరుగు దేశంతో అణు ఒప్పందం కుదుర్చుకుని వచ్చారు. మన అణుకేంద్రాలను వాళ్ల శాస్త్రవేత్తలు చూడవచ్చు, వాళ్లవి మనవాళ్లు చూడవచ్చు. ఎంత కోపం వచ్చినా ఒకరి కేంద్రాల మీద ఇంకొకరు చెయ్యెత్తకూడదు, ముందుగా ఎవరూ అణుబాంబు వేయకూడదు. పార్లమెంటు ఒప్పుకుంటేనే అది నిలుస్తుంది. దేశమంతా ఆయన మీద విరుచుకుపడింది. దొంగ చేతికి తాళాలిచ్చాడన్నారు. వెనక ఉండి సంతకం పెట్టించిన సొంత పార్టీ పెద్దలు చెప్పు కింద తేళ్లలా ఉండిపోయారు. ఆయన ఒక్కడే ఊరూరా తిరిగి చెప్పుకోవలసి వచ్చింది.

మా సంత మైదానంలోనూ సభ పెట్టారు. ఆయన వెనకటికి పేరున్న వకీలు. మాట్లాడితే జనం పల్లీలు తినడం కూడా మరిచిపోతారు. “మంచిగా ఉండేవాడితో ఒప్పందం ఎవనికి కావాలప్పా? గట్టు తగాదా ఉన్నవాడితోనే గదా మనం హద్దురాయి పాతుకునేది” అన్నారు. నలుగురు తలలూపారు. మద్దిలేటి ముందు వరసల్లోనే కూర్చుని వింటున్నాడు. నిజం చెప్పాలంటే అప్పటిదాకా ఆయన కాళ్లు నిమ్మళంగానే ఉన్నాయి. తర్వాత మంత్రిగారు, వాళ్ల ప్రతినిధితో చెయ్యి కలిపినప్పుడు అదీ మనలాంటి మనిషి చెయ్యే, వెచ్చగానే ఉందని అన్నారు. మద్దిలేటి వంగాడు. నా మీద ఆయన వేళ్లు పడితే దుమ్ము దులపడానికనుకున్నాను. మరుక్షణం గాలిలో ఉన్నాను.

ఆయన ఛాతీకి తగిలి బల్ల మీద పడ్డాను. అప్పుడు ఓబుళపతి గారు చేసింది ఆయన నోటికి అలవాటైన పని. నన్ను పైకెత్తి అందరికీ చూపించి, “రెండోది గూడా విసురప్పా. ఒక్కటి నీకూ పనికిరాదు, నాకూ పనికిరాదు” అన్నారు.

మైదానం ఘొల్లుమంది. ఆ ఒక్క మాటతో సభ ఆయనదైపోయింది. ఇద్దరు పోలీసుల మధ్య ఒక కాలికి నా కుడిదానితో, ఇంకో కాలు వట్టిగా నిలబడిన మద్దిలేటిని చూసి సొంత ఊరివాళ్లు కూడా నవ్వారు. ఆయన తల దించుకుని తన పాదం వైపు చూసుకున్నాడు. నేను నా జతను చూడటం కూడా అదే ఆఖరు అనుకున్నాను.

సభ ముగిశాక కారు దగ్గరికి ఎస్సై వచ్చాడు. “కేసు రాస్తాం సార్. సాక్ష్యానికి ఆ చెప్పు ఇప్పించండి.”

“ఎవరతను?”

“మద్దిలేటని, ఎర్రగుడి మనిషి. కొడుకు మిలిటరీలో పోయినాడు సార్. ఆ పక్కదేశం వాళ్ల కాల్పుల్లోనే.”

ఓబుళపతి గారు నా మీద చెయ్యి వేశారు. ఆయన ఒళ్లో ఉన్న నాకు ఆయన చెయ్యి చల్లబడటం తెలిసింది.

“కేసు వద్దు. మర్యాదగా ఇంటి దగ్గర దింపి రండి.”

“మరి చెప్పు సార్?”

“నా దగ్గరుండనీ. నేనే ఇచ్చి వస్తా.”

ఆ మాట అంత తేలిగ్గా జరగలేదు. వెళితే ఫొటోలవాళ్లు వెంటపడతారని కొందరన్నారు. ఇప్పుడు క్షమాపణ చెబితే ఒప్పందానికే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని పార్టీ ఆఫీసు నుంచి కబురొచ్చింది. చెప్పు పట్టుకుని చెప్పు విసిరినవాడి ఇంటికి పోయిన మంత్రి చరిత్రలో లేడని ఇంకెవరో అన్నారు. చివరికి నన్ను కాగితంలో చుట్టి ఢిల్లీ తీసుకుపోయారు. చుట్టింది నా ఫొటో పడ్డ పేపరే.

ఢిల్లీలో ఆయనకు పెద్ద బంగళా ఉండేది. భార్య పోయి చాలా ఏళ్లయింది, పిల్లల్లేరు. సాయంత్రాలు నన్ను తీసి ఎదురు కుర్చీలో పెట్టుకునేవారు. పూర్వం పాదుకలు సింహాసనం మీద కూర్చుని రాజ్యం ఏలాయట. నాకు అంత పని పడలేదు, విన్నాను, అంతే. పార్లమెంటులో చెప్పవలసింది ఆయన ముందుగా నాకు చెప్పుకునేవారు. “చూడు మద్దిలేటన్నా” అని మొదలుపెట్టి, ఒప్పందంలోని షరతులన్నీ వరసగా వివరించి, ఒకచోట ఆగిపోయేవారు. ఎప్పుడూ అదే చోటు. ‘నీ కొడుకును చంపినవాళ్లతో’ అన్న దగ్గర ఆ వకీలు నోరు పెగిలేది కాదు. అప్పుడు నా వైపు చూసేవారు. నా కుడిది ఉండి ఉంటే ఏదో ఒకటి బదులిచ్చేది. ఒంటి చెప్పుకు మాట రాదు. ఆ గదిలో మేమిద్దరమే ఉండేవాళ్లం, ఇద్దరం ఒంటరివాళ్లమే.

పార్లమెంటులో ఆయన ఏ చమత్కారమూ లేకుండా మాట్లాడారు. తిరిగి వచ్చి అదంతా నాకు మళ్లీ చెప్పారు. “నా మీద చెప్పు విసిరిన మనిషి కోపం న్యాయమైనది. ఆ కోపానికి నా దగ్గర జవాబు లేదు. ఆయన ఇంట్లో ఒకరు పోయారు. రేపు ఎవరి చెయ్యయినా తొందరపడితే ఏడవడానికి కూడా ఇంట్లో ఎవరూ మిగలరు. అందుకే ఈ ఒప్పందం అడుగుతున్నాను” అన్నారట. ఈసారి ఎవరూ నవ్వలేదు, చప్పట్లు కూడా కొట్టలేదు. కొద్ది ఓట్ల తేడాతో ఒప్పందం నెగ్గింది.

తర్వాతి ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు. టౌన్లోని ఇంటికి వచ్చేశారు. వసారా మెట్ల కింద ముందు బూట్లు మాయమయ్యాయి, తర్వాత జరీ చెప్పులు. హవాయి చెప్పులు కొంతకాలం విశ్వాసంగా వచ్చాయి, చివరికి అవీ కొత్త ఎంపీ గారి మెట్ల కిందికి చేరాయి. ఉదయాన్నే తలుపు తీసి ఆయన ముందుగా ఆ మెట్ల వంక చూసేవారు. ఆ చూపు నాకు తెలుసు. విడిపోయిన కొత్తలో నాదీ అదే చూపు.

ఒకరోజు నన్ను గుడ్డసంచిలో వేసుకుని బస్సెక్కి ఎర్రగుడి వచ్చారు. ఫొటోలవాళ్లు వెంటపడతారన్న భయం ఇప్పుడు లేదు. మద్దిలేటి వాకిట్లో వేరుశనక్కాయలు ఆరబోస్తున్నాడు. కాళ్లకు ఏమీ లేవు. పాదాలు బీటలు తీసి, నేను గుర్తుపట్టలేనట్టుగా ఉన్నాయి.

“కూసో సామీ” అన్నాడు, మంచం చూపించి. భార్య సుంకులమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది.

ఓబుళపతి గారు సంచిలోంచి నన్ను తీసి నేల మీద పెట్టారు. “ఆ పొద్దు నేను అట్లా అనకుండా ఉండాల్సింది మద్దిలేటన్నా. నీ కొడుకు సంగతి నాకు తెలియదు. నువ్వు ముందుగానే చెప్పి ఉంటే…”

“చెప్పినా సామీ. నీ వసారాలోనే. బడికి మావాని పేరు పెట్టమని వచ్చింటి. చూద్దాంలే అంటివి.”

ఓబుళపతి గారి చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. నాకు నోరుంటే ఢిల్లీలోనే చెప్పి ఉండేదాన్ని.

“ఇప్పుడు నా మాట ఎవరూ వినరు” అన్నారు చివరికి.

“తెలుసు లే. దానికోసం గాదు ఇసిరింది.” మద్దిలేటి కాయల్ని చేత్తో పరుస్తూనే ఉన్నాడు. “ఆ కాయితం అయినంక గూడా ఆడ పిల్లోళ్లు సస్తానే ఉండారంట గదా.”

“చస్తున్నారు. దాన్ని ఆపేది కాదది. అందరం ఒక్కసారిగా పోకుండా ఆపేది.”

మద్దిలేటి కాయలు పరచడం ఆపాడు. “అర్థమయ్యింది” అన్నాడు. “ఒప్పుకోల్యాను. అర్థమైతే అయ్యింది.”

లేచి ఇంట్లోకి పోయి, దూలం మీదినుంచి ఏదో దించుకుని వచ్చాడు. నా కుడిది. దుమ్ము పట్టలేదు. ఆముదం వాసన వస్తోంది. ఇన్నాళ్లూ ఎవరో దాన్ని తుడుస్తూనే ఉన్నారు. ఆయన దాన్ని ఓబుళపతి గారి చేతుల్లో పెట్టాడు.

“ఆ పొద్దు రెండోది గూడా అడిగితివి గదా సామీ. ఇదిగో.”

“వద్దన్నా. నేను ఇది ఇచ్చిపోదామని వచ్చినా.”

“మావాడు కొనిచ్చినవి అవి. వాడు పోయినంక తొడుక్కుంటే ఆ కిర్రుకు వాడే ఎనకాల నడిచొచ్చినట్లుండె. అయినా ఇప్పలేకపోతి. నీ మీద ఇసిరేసినంక గానీ నా కాళ్లు నావి గాలేదు. తీసకపో.”

“రెండూ ఒక్క తావనన్నా ఉండనీ సామీ” అంది సుంకులమ్మ, చెంబు అందుకుంటూ.

బస్సులో మేం ఒకే సంచిలో వచ్చాం. ఓబుళపతి గారు దారంతా కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. ఆయన కన్నీళ్లు సంచి మీద పడ్డాయి. చాలాకాలానికి నా పక్కన నా జత ఉంది. అయినా నాకు సంతోషమనిపించలేదు.

ఆయన మమ్మల్ని తొడుక్కోలేదు. మేం ఆయన కాలికి పెద్ద. అలమరాలోనూ పెట్టలేదు. వసారా మెట్ల కింద, గడపవైపు ముఖం చేసి పక్కపక్కన పెట్టారు, లోపలికి పోయిన మనిషి విడిచినట్టుగా. అప్పుడప్పుడు పాత పరిచయస్తులు ఎవరైనా అటు వచ్చినా మమ్మల్ని చూసి, లోపల ఎవరితోనో మాట్లాడుతున్నట్టున్నారని వెనక్కి వెళ్లిపోతారు. లోపలినుంచి ఆయన గొంతు వినిపిస్తూనే ఉంటుంది మరి. ‘చూడు మద్దిలేటన్నా’ అని మొదలుపెట్టి, ఇప్పటికీ ఆ చోటే ఆగిపోతారు.

పాలు పోసే ఆమె ఒక పొద్దున అడిగింది. “ఎవరో వచ్చినట్లుండారే సార్?”

“మద్దిలేటి” అన్నారాయన, గిన్నె అందిస్తూ. “వచ్చి చానా రోజులైంది. ఇంకా పోలేదు.”