డ్యూరో వంతెన మీద మామయ్యగారు

వాసుదేవరావుగారికీ స్పెయిన్‌కీ మధ్య ఒక పిట్ట అడ్డం కూర్చుంది.

పిట్టంటే ఏ పిచ్చుకో గోరింకో అనుకునేరు. మాగ్‌పై. కాకంత పక్షి, ఒళ్ళు నలుపు, మెడ మీద తెల్ల కండువా వేసినట్టు ఒక పట్టీ. ఆస్ట్రేలియాలో చలికాలం వెళ్ళిపోతుందనగా గూట్లో పిల్లలున్నాయన్న వంకతో దారిన పోయేవాళ్ళ నెత్తిన పడుతుంది. సైకిలు వాళ్ళంటే దానికి మరీ ఒళ్ళుమంట.

వాసుదేవరావుగారు మత్తు డాక్టరు. అడిలైడ్ ఆసుపత్రుల్లో వేలమందిని నిద్రపుచ్చి, రిటైరయ్యాక మాసన్ లేక్స్ ఇంట్లో తనకే నిద్రపట్టక సైకిలు కొన్నారు. కొన్నవారు ఊరుకున్నారా? స్పెయిన్ యాత్ర ఒకటి నెత్తికెత్తుకున్నారు. గోధుమ చేల మైదానాలు, డ్యూరో నది లోయ, తోరో, జమోరా, సలమాంకా అని రాతి గోడల పాత ఊళ్ళు, మూడు వారాలూ సైకిలు మీదే. తోడు ఇద్దరు. ఫార్మసీ నడిపే హైదరాబాదు నిస్సార్ అహ్మద్ ఒకడు. యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చెప్పే యోగానంద్ రెండోవాడు. వయసులో చిన్నవాడు కాబట్టి, ఫోన్లో మ్యాపులు చూడటం వచ్చు కాబట్టి, యోగానందే కెప్టెన్.

సాధనకి ఎక్కడికి పోతారు? అడిలైడ్‌కి ఉత్తరాన ఉన్న మైదానానికే స్పెయిన్ పేర్లు పెట్టేసుకున్నారు. టమాటా షెడ్ల వర్జీనియా తోరో అయింది. మంచి బేకరీ ఉన్న టూ వెల్స్ జమోరా అయింది. మధ్యలో గాలర్ నది డ్యూరో. మన డ్యూరోలో ఏడాదిలో సగం రోజులు నీళ్ళుండవు, అదొక్కటే లోటు. "జమోరాలో వెనిలా స్లైస్ అయిపోకముందే చేరాలి" అని ముగ్గురు పెద్దమనుషులు బిగుతు నిక్కర్లలో తెల్లవారుతూనే బయల్దేరేవారు.

ఆ డ్యూరో వంతెన పక్కన ఒక గమ్ చెట్టు, మన నీలగిరి చెట్టు లాంటిది. దాని మీద మన పిట్ట. నిస్సార్ వెళ్ళాడు, తల తిప్పలేదు. యోగానంద్ వెళ్ళాడు, ఈకలు సవరించుకుంది. వాసుదేవరావుగారు వంతెన మొదట్లోకి వచ్చారో లేదో, రివ్వున దిగి టకామని హెల్మెట్ మీద ఒక్కటిచ్చింది. ఆయన వెనక్కి తిరిగి తోరో దాకా ఆగకుండా తొక్కారు. ఆయన జీవితంలో అంత వేగం అదే మొదలు.

ప్రతి వారం అదే కథ. హెల్మెట్ నిండా ప్లాస్టిక్ పుల్లలు గుచ్చారు, ముళ్ళపందిలా తయారయ్యారు. వెనకాల రెండు పెద్ద కళ్ళు అంటించారు. కళ్ళ మధ్యలో పొడిచింది.

"ఏం డాక్టర్ సాబ్, దానికి మీతోనే ఏం దుష్మనీ? ఇంజెక్షన్ ఏమన్న ఇచ్చిన్రా?" అన్నాడు నిస్సార్.

దుష్మనీ ఏమిటో ఇంట్లో శేషుకుమారిగారు తేల్చేశారు.

"మామయ్యగారండీ అది," అన్నారు భర్తతో.

ఆ మామయ్యగారు, అంటే వాసుదేవరావుగారి తండ్రి ఆనందరావుగారు, బాపట్లలో హెడ్మాస్టరు. నల్లకోటు, తెల్ల కండువా. కొడుకు ఎనిమిదో తరగతిలో అద్దె సైకిలుతో సహా మురుగుకాలవలో పడి, సైకిలక్కడే వదిలేసి ఇంటికొస్తే, వీపు విమానం మోత మోగించి, "మళ్ళీ సైకిలెక్కావంటే కాళ్ళు విరగ్గొడతా" అన్నారు. ఆయన బతికున్నంతకాలం కొడుకు సైకిలు వంక కన్నెత్తి చూడలేదు. ఆయన పోయాక మొన్న ఆగస్టులో తద్దినం పెరట్లోనే పెట్టారు. కాకి ముద్ద పెడితే కాకి రాలేదు, మాగ్‌పై వచ్చి తింది. వీడియోలో ఉన్న పురోహితుడుగారు "నలుపేనా నాయనా?" అని అడిగారు. "సగం నలుపండీ" అన్నారు వీరు. "సగం చాలు" అన్నారాయన.

శేషుకుమారిగారు అమాయకురాలేం కాదు, ఏళ్ళ తరబడి యూనిలో స్టాటిస్టిక్స్ చెప్పిన మనిషి.

"ఒకసారి పొడిస్తే ఛాన్స్ అనుకోవచ్చు. ముగ్గురు వెళ్తుంటే ప్రతిసారీ మిమ్మల్నే పొడుస్తోందంటే అది సిగ్నిఫికెంట్. ఆయనకి మీరు స్పెయిన్ వెళ్ళడం ఇష్టం లేదు."

"మన పెరట్లో తిన్న పిట్ట వేరు శేషూ! ఆ వంతెన ఎక్కడ, మనిల్లెక్కడ?"

"పోయినవాళ్ళకి పెట్రోలు ఖర్చా ఏమన్నానా?"

అసలు స్పెయిన్ మాట ఎత్తిన రోజు నుంచీ ఆవిడ ముఖం గంటు పెట్టుకునే ఉంది. ఎందుకో చెప్పదు. ఈయన అడగరు. ఇప్పుడు పైనుంచి మామయ్యగారి మద్దతు కూడా దొరికేసరికి ఇక పట్టపగ్గాల్లేవు.

ఈ సంగతి యోగానంద్ చెవిన పడలేదు గానీ, పడినా ఒక్కటే. అతను రూలు పెట్టేశాడు. "అంకుల్, సండే లాస్ట్ టెస్ట్. కారెక్కకుండా జమోరా చేరాలి. ఇక్కడ ఒక బర్డ్‌ని దాటలేకపోతే అక్కడ నేను మిమ్మల్ని మొయ్యలేను. సారీ."

వాసుదేవరావుగారు ఆ రాత్రి హెల్మెట్‌కి ఇంకో నాలుగు పుల్లలు గుచ్చారు. ఆయన రాత్రిపూట సలమాంకా బొమ్మలు చూసుకుంటూ నిద్రపోతున్న మనిషి. అరవై దాటాక ఒక కోరిక పుట్టడమే గొప్ప, అది కాస్తా ఒక పిట్ట పాలైతే ఎలా?

ఆదివారం వచ్చింది. ముగ్గురూ సైకిళ్ళ మీద, వెనకాల కారులో శేషుకుమారిగారు. టిఫినుకి పెరుగన్నం, ఆవకాయ తెచ్చానన్నారు. భర్త ఓడిపోవడం కళ్ళారా చూడ్డానికి వచ్చారని వాసుదేవరావుగారి అనుమానం.

వంతెన వచ్చింది. మొదటిసారి వెళ్ళారు, టకామంది. రెండోసారి తల వంచుకుని వెళ్ళారు, మెడ మీద తగిలింది. మూడోసారి సైకిలు దిగి, ఒక చేత్తో నడిపించుకుంటూ, రెండో చెయ్యెత్తి దండం పెడుతూ వెళ్ళారు. దండం పెట్టిన చేతి మీద పొడిచింది.

"చూశారా? నమస్కారం కూడా పుచ్చుకోవట్లేదు," అన్నారు శేషుకుమారిగారు. ఆవిడ గొంతులో బాధ లేదు, ఇంకేదో ఉంది. కారు దిగి డబ్బా తెరిచి, పెరుగన్నం ముద్ద చేసి, పేపరు ప్లేటులో వంతెన పిట్టగోడ మీద పెట్టారు. "అడగండి. ఏ కోరిక మిగిలిపోయిందో ఆయన్నే అడగండి."

మన వైపు ఇదో పద్ధతి. కర్మ రోజుల్లో కాకి ముద్ద ముట్టకపోతే పోయినవాళ్ళకి ఏదో తీరని కోరికుందని, ఇంటివాళ్ళు ఒక్కొక్కరే చేతులు జోడించి మాటలిస్తారు. అసలు మాట పడగానే కాకి దిగుతుంది. మామూలుగా ఇదంతా పంచెల్లో జరుగుతుంది. పచ్చటి జెర్సీలో, బిగుతు నిక్కరులో, ప్లాస్టిక్ పుల్లల హెల్మెట్‌తో జరగడం మటుకు ఇదే మొదలు.

"నాన్నా, హెల్మెట్ తీయను," అన్నారు వాసుదేవరావుగారు.

పిట్ట కదల్లేదు.

"దిగుడులో బ్రేకు వదలను. తమ్ముడికి వారం వారం ఫోన్ చేస్తాను."

పిట్ట తల వంచి చూసింది. "విన్నారు! కానివ్వండి!" అన్నారు శేషుకుమారిగారు.

"స్పెయిన్‌లో వైను..." అని వాసుదేవరావుగారు ఆగిపోయారు. నిస్సార్ దగ్గాడు. "ముట్టనే ముట్టను నాన్నా."

పిట్ట వెనక్కి తిరిగి కూర్చుంది. హెడ్మాస్టరుకి అబద్ధం తెలియదా?

నిస్సార్ ముందుకొచ్చి, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక సెల్యూట్ కొట్టాడు. "పెద్ద సార్, సలామ్. నేను చూసుకుంటా మీ కొడుకును. టైంకు బీపీ గోలీ ఏపిస్తా. ఎత్తుల రొప్పితే నూకుతా."

అదీ పనిచెయ్యలేదు. యోగానంద్‌కి ఇదంతా తలవంపులుగా ఉంది, అయినా అందరూ తనవంకే చూసేసరికి గొంతు సవరించుకున్నాడు. "హలో తాతగారూ, అంటే, మా దగ్గర జీపీఎస్ ఉంది."

పిట్ట తోకెత్తి తన అభిప్రాయం రోడ్డు మీద వదిలింది.

అప్పుడే ఒక రైతు యూట్, వెనక తొట్టి ఉన్న బండి, వచ్చి పక్కన ఆగింది. చెట్టుకి దణ్ణం పెడుతున్న నలుగుర్నీ చూసి, "యూ రైట్, మేట్?" అన్నాడాయన.

"ఫ్యామిలీ మ్యాటర్, మేట్. హిజ్ ఫాదర్," అని నిస్సార్ చెట్టు పైకి చూపించాడు. రైతు పైకి చూశాడు, పిట్టని చూశాడు, టోపీ తీసి గుండెకి పెట్టుకున్నాడు, మెల్లగా వెళ్ళిపోయాడు.

"భాభీ, ఇగ మీరే మిగిలిన్రు," అన్నాడు నిస్సార్.

"నాకేం సంబంధం?" అన్నారు శేషుకుమారిగారు. కానీ కోడలు కదా, తప్పుతుందా. కొంగు భుజం చుట్టూ కప్పుకుని చెట్టు కిందికి వెళ్ళారు. "మామయ్యగారూ, సరే, పంపిస్తాను. వెళ్ళి రానివ్వండి."

పిట్ట దిగలేదు.

"మూడు వారాలు ఒక్కదాన్నే ఉంటానని చెప్తున్నాను కదండీ. ఇంకేం కావాలి?"

దిగలేదు. ఆవిడకి ఒక్కసారిగా ఉక్రోషం ముంచుకొచ్చింది.

"నేనేం చెయ్యను మరి! సైకిలు కొన్నప్పుడు నాకు చెప్పారా? మ్యాపులు గీసుకున్నారు, ఊళ్ళు ఏరుకున్నారు, నిస్సార్ భాయ్ ఎక్కడ పడుకుంటాడో, యోగానంద్ ఎక్కడ పడుకుంటాడో అన్నీ రాసుకున్నారు. నువ్వు కూడా వస్తావా శేషూ అని ఒక్కమాట... వచ్చేదాన్నో లేదో, అది వేరే సంగతి... ఒక్కమాట అడిగారా మామయ్యగారూ మీ అబ్బాయి?"

పిట్ట జర్రున దిగి ముద్ద మీద వాలింది. గబగబా తినసాగింది.

"ముట్టింది! ముట్టింది!" అని నిస్సార్ ఎగిరాడు. "గో అంకుల్, గో!" అని యోగానంద్ అరిచాడు. వాసుదేవరావుగారు ఆలోచించారా? లేదు. సైకిలెక్కి, పిట్ట పక్కనుంచే, బాణంలా వంతెన ఎక్కేశారు. ఎదురుగాలి, చేలు, అటు పక్కన జమోరా! దారి తెరుచుకుంది! స్పెయిన్ వచ్చేసింది! ఆనందం పట్టలేక ఒక కేక కూడా పెట్టారు.

వంతెన చివర్లో బ్రేకు పట్టేశారు. ముద్ద ముట్టింది సరే, ఏ మాటకి ముట్టింది? హెల్మెట్‌కి దిగలేదు. ఫోనుకి దిగలేదు. పంపిస్తానన్నా దిగలేదు. అడగలేదు అన్న మాటకి దిగారు నాన్న. ఆ మాట ఆవిడ చెట్టుకి చెప్పుకుంది, తను పక్కనే నిలబడి విన్నాడు, విని ఏం చేశాడు? సైకిలెక్కి పారిపోయాడు. వాసుదేవరావుగారికి సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

సైకిలు వెనక్కి తిప్పారు.

"అంకుల్, నో! టెస్ట్ అయిపోయింది, రావద్దు!" అని యోగానంద్ చేతులూపాడు. ప్లేటు ఖాళీ అయింది. పిట్ట తలెత్తింది. ఎదురుగా వస్తున్న పచ్చ జెర్సీని చూసి తన కళ్ళని తనే నమ్మనట్టు ఒక క్షణం ఆగి, లేచింది. టకా. టకా. చెవి మీద పడిన దెబ్బకి కళ్ళు బైర్లు కమ్మాయి. అయినా ఆయన ఆగలేదు, తల కూడా వంచలేదు. కారు దాకా వచ్చి, పెడలుకి బిగించిన బూటు ఊడక, దబ్బున భార్య కాళ్ళ దగ్గర పడ్డారు.

"అయ్యో, చెవి! నెత్తురండీ! కారెక్కండి ముందు!"

"చెవి ఉండనీ. శేషూ, స్పెయిన్ వస్తావా?"

ఆవిడ చేతిరుమాలు ఆయన చెవికి అదిమి పట్టారు.

"నాకు సైకిలు రాదు," అన్నారు చివరికి.

"కారులో రా, రైల్లో రా, ముందే వెళ్ళి సలమాంకాలో కాఫీ తాగుతూ కూర్చో. నువ్వు లేకుండా ఆ ఊళ్ళన్నీ చూసి నేనెవరితో చెప్పుకోనే? నాకు బుద్ధి లేదు, అడగలేదు. ఇప్పుడడుగుతున్నా."

శేషుకుమారిగారి కళ్ళనిండా నీళ్ళు, పెదవుల మీద నవ్వు. "ఈ ముక్క మొదటిరోజే అని ఉంటే పాపం మామయ్యగారిని ఇంత శ్రమ పెట్టేదాన్నా?"

"కారెక్కితే డిస్‌క్వాలిఫై," అని యోగానంద్ నసిగాడు, కానీ గట్టిగా అనలేదు.

"కారెవరెక్కుతున్నారయ్యా?" అని ఆవిడ డిక్కీలోంచి గొడుగు తీశారు. ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో మొగుడి భుజం. ఆయన సైకిలు నడిపించుకుంటూ, ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఇద్దరూ వంతెన ఎక్కారు. సగం దూరం వెళ్ళారో లేదో, గొడుగు మీద ఠపీమని ఒకటి పడింది.

"వస్తున్నాను కదండీ మామయ్యగారూ! ఇప్పుడు నేనేం చేశాను?" అని శేషుకుమారిగారు కెవ్వుమన్నారు.

"ఇన్నాళ్ళకి నిన్ను కూడా ఇంట్లో మనిషిగా లెక్కేశారు శేషూ. పరిగెత్తు!" అన్నారు వాసుదేవరావుగారు. ఇద్దరూ పడీ పడీ నవ్వుకుంటూ జమోరా గట్టుకేసి పరిగెత్తారు.