గోడ మీద పసుపు బొట్లు

వెంకటేశ్వరమ్మ ఎంత పొడగరో తెలియాలంటే ఆ ఊరి రామాలయం గుమ్మాన్ని అడగాలి. ఏటా శ్రీరామనవమికి మగవాళ్లు కూడా స్టూలు ఎక్కవలసిన చోట ఆమె కాస్త మడమలెత్తి మామిడాకుల తోరణం కట్టేసేది. పైకి ఎప్పుడూ అనలేదు గానీ, ఆ సంగతి ఆమెకు లోపల గొప్పగానే ఉండేది.

ఆ ఏడు పత్తితీతల్లో ఆమె కుడి భుజం పట్టేసింది. చెయ్యి చెవి దాకా లేవడం లేదు. ఆమె కొప్పు కూడా కోడలు హేమశ్రీయే చుట్టాల్సి వచ్చింది.

"ఈసారి తోరణం నేను కడతాలే వదినా, స్టూలేసుకుని" అంది ఎదురింటి కోటేశ్వరి.

భుజంనొప్పి కంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

అద్దంకిలో ఫిజియోథెరపీ చేసే జ్యోతిర్మయి చూసి, "నొప్పని కదపడం మానేశారు కదండీ, అందుకే ఇంకా బిగిసింది. గోడకెదురుగా నిలబడి వేళ్లను మెల్లగా పైకి పాకించండి, ఓర్చుకోగలిగినంత వరకే. ఎక్కడి దాకా వెళ్లిందో గుర్తు పెట్టుకోండి" అంది.

వెంకటేశ్వరమ్మకు గుర్తంటే పసుపే. పొద్దున్నే స్నానం చేసి, పసుపు అద్దిన వేలిని వీధిగోడ మీద పాకించేది. ఆగిన చోట బొట్టు పడేది. ఉత్త పసుపు బాగుండదని దాని మీద హేమశ్రీ చేత కుంకుమ పెట్టించేది.

ఒక శుక్రవారం బయటికొచ్చి చూస్తే, గోడ కింద కొబ్బరిచిప్పలు, అగరొత్తులు. దణ్ణం పెడుతూ కోటేశ్వరి.

"ఇదేందే?"

"చెప్పకపోతే తెలవదనుకున్నావా వదినా! అమ్మవారు వెలిసిందంటగా. రోజురోజుకీ పైకి పెరుగుతందంట!"

హేమశ్రీ నవ్వాపుకోలేక లోపలికి పరిగెత్తింది.

"అమ్మవారు కాదే, నా భుజం! ఎక్సర్‌సైజు!"

"అయ్యో, నా టెంకాయ!" అని కోటేశ్వరి గోడను పైదాకా చూసింది. "అయినా లేవని చెయ్యి అంతదాకా లేచిందంటే, ఆ తల్లి కాక ఎవరంట?"

ఆ తల్లికి వెంకటేశ్వరమ్మ తనూ మొక్కుకుంటూనే ఉంది. కానీ పళ్లు బిగబట్టి కళ్లనీళ్లు పెట్టుకున్నది తను కదా అనిపించింది. అలా అనిపించినందుకు చెంపలు వేసుకుంది.

నవమి పొద్దున కోటేశ్వరి గుడికి స్టూలు మోసుకొచ్చింది. ఆమె చేతిలోని తోరణాన్ని వెంకటేశ్వరమ్మ అందుకుంది. ఒక కొస కట్టింది. రెండో కొసకి చెయ్యి సగంలో ఆగిపోయింది. అందరూ చూస్తున్నారు. ఆమె తొందరపడలేదు. ఊపిరి వదిలి, గుమ్మం పట్టె మీద వేళ్లను ఒక్కొక్కటే పాకించింది. మేకు అందింది. ముడి వేసింది.

"అక్కర్లేదని ముందే చెప్పొచ్చుగా, ఇంత బరువు మోసుకొచ్చా!" అని గునిసింది కోటేశ్వరి.

వెంకటేశ్వరమ్మ తోరణం వైపు తలెత్తి తృప్తిగా చూసుకుంది.

"అలిసిపోయావేమో, ఎక్కి కూర్చోవే ఆ స్టూలు మీద" అంది.