చెప్పులు కిర్రుమనని రోజు

ఏదో మరిచిపోయాను, తాళాలగుత్తి చేతిలోనే ఉంది, కళ్లజోడు ముక్కు మీదే ఉంది, విజిలు మెడలో వేలాడుతూనే ఉంది, అయినా ఏదో తక్కువైంది, ఏమిటో అంతు పట్టడం లేదు, ఆలోచించుకుందామంటే ఈ ఆఫీసర్లిద్దరూ నా వెనకే మెట్లెక్కుతున్నారు, కబురైనా చేయకుండా ఊడిపడ్డారు, పెద్దాయన ఆయాసపడుతున్నాడు, చిన్నాయన గోడలు చూస్తున్నాడు, చూడనీ, ఒక్క పిచ్చిగీత దొరికితే నా పేరు మార్చుకుంటాను, నేను హెడ్‌మిస్ట్రెస్‌గా వచ్చిన కొత్తలో ఇదే గోడ మీద నా బొమ్మ ఉండేది, మీసాలతో సహా, మీసాలు బాగానే కుదిరాయి కానీ ముక్కు మరీ అన్యాయం, గీసినవాడి చేతే సున్నం కొట్టించాను, ఇవాళ వీళ్లు సరేనంటే ఈ బడి ఉంటుంది, కాదంటే పిల్లల్ని ఊరి చివర పెద్దబడిలో కలిపేసి గేటుకి తాళం వేస్తారు, చిన్నాయన వస్తూనే మొహం మీదే అనేశాడు, మీ బడికి చాలా చెడ్డపేరుంది మేడమ్, ఓసారి తిరిగి చూసి తేల్చేస్తాం అని, నేనేమో ఊరుకోకుండా, చూసుకోండి బాబూ, నా బడిలో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది అన్నాను.

చెడ్డపేరు ఊరికే రాలేదు లెండి, అప్పట్లో కిటికీలోంచి కుర్చీ ఎగిరొచ్చి సైకిళ్ల షెడ్డు మీద పడేది, సైన్సు మాస్టారు ప్రయోగశాలలో లోపల గడియ పెట్టుకుని భోంచేసేవాడు, లెక్కల మాస్టారు హాజరు పిలిచి, బతికుంటే రేపు కలుద్దాం అని వెళ్లిపోయేవాడు, నేనొచ్చి గంట కొట్టగానే గేటు మూయించాను, ఆలస్యంగా వచ్చిన డ్రాయింగు మాస్టారిని కూడా పిల్లలతో పాటు బయటే నిలబెట్టాను, ఆయన ఊచల్లోంచి, మేడమ్, నాకు పెళ్లయిందండీ అన్నాడు, దానికీ దీనికీ సంబంధమేమిటో ఇప్పటికీ నాకు తెలియదు, వరండాలో ఎడమ పక్కనే నడవాలన్నాను, పరుగెత్తినవాణ్ణి వెనక్కి పంపి మళ్లీ మొదటి నుంచి నడిపించాను, కొట్టలేదు, తిట్టలేదు, ఊరికే చూసేదాన్ని, అంతే, నేను వరండాలో అడుగు పెడితే గదికి గది దానంతటదే నోరు మూసుకునేది, మా అక్కతో ఫోనులో గొప్పలు కూడా పోయాను, అంతా నా చూపులోనే ఉందక్కా అని, అక్క అంది కదా, ఆ చూపేదో మీ బావ మీద ఓసారి పడేసి పోవే, గురకైనా తగ్గుతుంది.

మరి ఇప్పుడిదేమిటి, వరండాలోనే ఉన్నాను, చూస్తూనే ఉన్నాను, గోల ఆగదేం, మొదటి గదిలో ఎవరో పాడుతున్నారు, రెండో గదిలో బల్లలు లాగుతున్నారు, ఆ మూలగదిలో, అయ్యో, పరుగుల చప్పుడు, నా బడిలో పరుగులు, కిందికి చూశాను, నా చెప్పులు, నా పాదాలు, అడుగు వేశాను, చప్పుడు లేదు, ఇంకో అడుగు వేశాను, లేదు, అప్పుడు తట్టింది పొద్దున గుమ్మంలో మా ఆయన ముసిముసి నవ్వు, వాచీలు బాగుచేసే మనిషి, చిన్న చప్పుడు తేడాగా ఉన్నా నిద్రపట్టదు, నీ చెప్పుల కిర్రుకి పిచ్చెక్కిపోతోందే, వాచీల నూనె పోసేశా, ఇక చూడు పిల్లిలా నడుస్తావు అన్నాడు, చంపావు కదయ్యా మహానుభావా, అంటే ఇన్నాళ్లూ నా చూపు కాదా, నా చెప్పులా, మడమనొప్పికి హాయిగా ఉంటాయని వదలకుండా తొడుక్కున్న ఆ కిర్రుచెప్పులా ఈ బడిని నడిపింది, తల కొట్టేసినట్టయింది, గట్టిగా దగ్గుదామా, విజిలు ఊదుదామా అనుకునేలోపే పెద్దాయన మూలగది కిటికీలోంచి తొంగి చూశాడు.

నేనూ చూశాను, ప్రయోగశాలలో గడియ పెట్టుకున్న ఆ సైన్సు మాస్టారే బల్లెక్కి నిలబడి, ఊపిరితిత్తులవాళ్లు దారివ్వండి, ముందు గుండె ఖాళీ చేయండి అని అరుస్తున్నాడు, ఎర్ర కాగితాలవాళ్లు, నీలం కాగితాలవాళ్లు బెంచీల మధ్య రక్తమై పరుగెడుతున్నారు, నడుమ గుండెగా నిలబడ్డ బొద్దుపిల్ల చెమటలు కక్కుతూ అందరినీ తోస్తోంది, పొడుగు స్కేళ్లు అడ్డం పెట్టి ఇద్దరు కవాటాలు కాపలా కాస్తున్నారు, వెనక్కి పోకూడదురా, ఎడమ పక్కనే నడు, కిర్రమ్మ చూస్తే చంపేస్తుంది అంటున్నారు, కిర్రమ్మ, నేనే కాబోలు, తలుపు దగ్గర జడలమ్మాయి ఒకతె గోడకి చెవి ఆనించి కూర్చుంది, నా చెప్పుల కోసమే, చప్పుడేమీ లేదు, కానివ్వండి అన్నట్టు చెయ్యి ఊపుతోంది పాపం, ఎంత శ్రద్ధగా వింటోందో, చిన్నాయన నా వైపు తిరిగి, రోజూ ఇంతేనా మేడమ్ అన్నాడు, అవునంటే అబద్ధం, కాదంటే ఏమో అదీ అబద్ధమే, తెలీదండీ, నేనూ ఇప్పుడే చూస్తున్నాను అన్నాను, బడి పోయిందనే అనుకున్నాను.

పెద్దాయన మాత్రం, అయితే రండి కూర్చుని చూద్దాం అని వెనక తలుపులోంచి దూరి చివరి బెంచీలో కూర్చున్నాడు, ఆయన పక్కన నేనూ కూర్చున్నాను, బెంచీ కిర్రుమంది, అంతే, రక్తం ఎక్కడిదక్కడ ఆగిపోయింది, మాస్టారు బల్ల మీంచి ఎలా దిగాడో ఆయనకే తెలియాలి, జడలమ్మాయి ఏడుపు గొంతుతో, చెప్పులు కాదు సార్, ఒట్టు అంది, అందరూ ఒక్కసారి వెనక్కి తిరిగి నన్ను చూశారు, పెద్దాయన ఎదురుగా కొయ్యబారిపోయిన నీలం కాగితాన్ని అడిగాడు, నువ్వెవరమ్మా, కాలి బొటనవేలి నుంచి వస్తున్నానండీ, గుండెలోకి పోవాలి అంది, ఆ తరవాత అన్నాడాయన, ఊపిరితిత్తుల్లోకండీ అని గదంతా ఒక్క గొంతుతో చెప్పింది, వద్దనుకుంటూనే చెప్పేశారు, ఆగలేకపోయారు, పెద్దాయన నవ్వు ఆపుకుంటూ చిన్నాయనతో, వీళ్లని పెద్దబడిలో కలిపితే అక్కడ నిద్రపోయేవాళ్లంతా లేచి కూర్చుంటారయ్యా, మనకెందుకా గొడవ, ఈ బడి ఇక్కడే ఉండనీ అన్నాడు.

బడి నిలిచింది, సంతోషంతో పాటు ఏడుపు కూడా వస్తోంది నాకు, నన్నూ ఒక్కసారి పిలవచ్చుగా, చక్కెర జబ్బు మనిషి వస్తుంటే మిఠాయి డబ్బా దాచినట్టు ఇదంతా నా దగ్గర దాచేశారు, కుర్చీలు ఎగరకుండా ఆపింది నేనే, అది ఎవరూ కాదనలేరు, రక్తం కూడా ఎడమ పక్కనే నడుస్తోంది కదా, మాస్టారేమో, మేడమ్, ఏం చేయమంటారు అంటున్నాడు, కానివ్వండి మాస్టారూ, పాపం గుండె ఎంతసేపు ఆగుతుంది అన్నాను, బొద్దుపిల్ల నా వంక అనుమానంగా చూసి ముందున్నవాణ్ణి మెల్లగా తోసింది, ఇంకోణ్ణి తోసింది, మళ్లీ పరుగులు, మళ్లీ అరుపులు, మా ఆయనతో ఇంకో నూనెబుడ్డి తెప్పించాలి, కదిలితే బెంచీ మళ్లీ కిర్రుమంటుందని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను, ఇంత మందిలో, ఇన్నేళ్లుగా, ఈ బడిని చూడనిది నేనొక్కదాన్నే.