చెల్లెలి షాపే ముందు

చిరిగినవీ బిగుతైనవీ సరిచేసి కుట్టడంలో అక్కది అందె వేసిన చెయ్యి. చెల్లెలికి సూదిలో దారం ఎక్కించడం నేర్పిందే ఆవిడ. అలాంటిది, ఫోనులో వెతికితే పక్క వీధిలోని చెల్లెలి షాపు ముందు రావడం, తనది ఎక్కడో అడుగున పడి ఉండడం చూసి ఆవిడ కడుపు రగిలిపోయింది.

అక్క షాపు వెబ్‌సైటు చూసుకునేది కూతురు. "'వస్త్ర సవరణ నిలయం' అని పెడితే ఎవరు వెతుకుతారమ్మా? జిప్పు ఊడినవాళ్ళు జిప్పు అనే కదా కొడతారు!" అంది. తల్లీకూతుళ్ళు కూర్చుని, షాపుకొచ్చేవాళ్ళ నోటి మాటలన్నీ రాశారు. ప్యాంటు పొట్టి చేయాలి. జిప్పు మార్చాలి. చొక్కా బిగుతైంది, వదులు చేస్తారా? కూతురు వాటిని పేజీల్లో సర్దింది.

నెల గడిచింది. అక్క గంటకోసారి ఫోను తీసి 'జిప్పు మార్చడం' అని కొట్టేది. చెల్లెలి షాపే ముందు. అది కొత్తగా ఏ మాటలు పెట్టిందోనని నొక్కి చూసేది, కుతకుతలాడేది, కుట్టు తప్పేది. 'ప్యాంటు పొట్టి' అన్నా అదే వరస.

"నీ తెలివి మీ పిన్నికే కలిసొచ్చిందే," అని కూతుర్ని దెప్పింది.

కూతురు తన ఫోను చూపించింది. అందులో అమ్మ షాపే మొదట ఉంది.

"మూడు వారాలుగా నువ్వే ముందమ్మా. రోజంతా పిన్ని షాపే నొక్కుతున్నావుగా! నీకు కావాల్సింది అదే అనుకుని నీ ఫోను దాన్నే పైన పెడుతోంది."

అక్క నమ్మలేదు. బొత్తాలు కావాలన్న నెపంతో చెల్లెలి షాపుకు వెళ్ళింది. చెల్లెలు మిషను మీంచి తల కూడా ఎత్తలేదు.

"నీకేంటక్కా, ఏం కొట్టినా నువ్వే వస్తావు. మాటలు మార్చీ మార్చీ నా తల ప్రాణం తోకకొచ్చింది," అంటూ ఫోను బల్ల మీదికి తోసింది. 'చొక్కా వదులు చేయడం' అని ఉంది. పైన అక్క షాపే.

అలా రావాలంటే ఎన్నిసార్లు నొక్కి ఉండాలో అక్కకు తెలియనిది కాదు. నవ్వొచ్చింది, చెల్లెలి మీద జాలీ వేసింది. అసలు సంగతి చెప్పేద్దామని నోరు తెరిచింది. అంతలో గోడవారన, తన దగ్గర లేని కొత్త కుట్టుమిషను కనబడింది.

"ఏమోనే, అలా వస్తోంది మరి," అని, బొత్తాలు తీసుకుని వచ్చేసింది.