గ్లాసు కింద చీటీ

కుక్కర్ మూడో కూత వేసేసరికి దుర్గాభవాని చేతిలో తీగలు పరీక్షించే మీటరు వదిలేసి వంటింట్లోకి పరిగెత్తింది. స్టవ్ కట్టేసి మళ్ళీ అంతే వేగంగా వెనక గదిలో తన బల్ల దగ్గరికొచ్చింది. పదయింది. మురళీమోహన్ గారు విజయనగరంలో కారెక్కి ముప్పావుగంట అయింది. పదిన్నరకల్లా సాలూరులో, ఈ ఇంటి ముందుగదిలో ఉన్న రిపేరు కొట్లో ఉంటారు. ఆయన బాగుచెయ్యమని ఇచ్చిన పాత వీడియో గేమ్ కంట్రోలర్ మాత్రం మూత ఊడి, ఉలుకూ పలుకూ లేకుండా బల్ల మీద పడి ఉంది.

వచ్చినప్పుడు దాని జబ్బు చిన్నదే. తీగ కదిలితే తెర మీద బొమ్మ ఆగిపోయేది. లోపల తీగ తెగిందని ఆమె మొదటి రోజే పట్టేసింది. మొగుడు ఈశ్వర్‌ని కొత్త తీగ తెప్పించమంది. అది వచ్చేవేళకి ఆమె పాతపట్నంలో ఆడపడుచు ఇంట బారసాలకి ఎనభై మందికి వండుతోంది. రెండు రోజులు ఆగమని ఫోన్లో చెప్పింది. ఈశ్వర్ ఆగలేదు.

"ఎర్రకి ఎర్ర, నలుపుకి నలుపు. లారీలకి పదేళ్ళు అలాగే కట్టినాను. దీనికేటి కొమ్ములున్నాయా?" అన్నాడు.

లారీల్లో రంగుని నమ్మొచ్చు. ఈ పాత ఆటలకి ఇప్పుడు దొరికే తీగల్లో ఏ రంగు ఎటు పోతుందో అది చేసినవాడి ఇష్టం. మీటరు పెట్టి చూడకుండా అతికితే, కరెంటు పోకూడని చోటికి పోతే, లోపలి చిప్పు మాడిపోతుంది. ఈశ్వర్ అతికాక కంట్రోలర్ పూర్తిగా మూగబోయింది. చిప్పు బతికుందో లేదో ఆమెకింకా తెలియదు.

అది మాడితే పోయేది వస్తువొక్కటే కాదు. విజయనగరంలో పాత ఆటలన్నీ అందరూ ఆడుకునేలా ఒక హాలు తెరుస్తున్నారు మురళీమోహన్ గారు. వాటిని చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. పోయిన నెల, ఇక్కడ బాగుచేయించుకున్న ఒక ఆటని విప్పి చూశాక ఆయన స్పీకర్ ఫోన్లో అన్న మాటలు కొట్టు గుమ్మం కర్టెన్ వెనకనుంచి ఆమె చెవులారా విన్నది. "అంత నున్నటి అతుకులు ఎవరు పెట్టారో ఆ మనిషే కావాలి నాకు." ఒక్క క్షణం కూడా ఆగకుండా ఈశ్వర్, "నేనేనండి" అన్నాడు. ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివింది ఆమె. కొట్టు పెట్టిన పదకొండేళ్ళుగా బోర్డుల మీద పడ్డ ప్రతి అతుకూ ఆమెదే. ఎవరైనా ఏం పాడైందని అడిగితే ఈశ్వర్ లోపలికి టీ కోసం కేకేస్తాడు. ఆమె గ్లాసు తెచ్చి అతని ముందు పెడుతుంది. గ్లాసు కింద చీటీ ఉంటుంది. అతను టీ తాగుతూ దాన్ని చూసి, గొంతు సవరించుకుని, జవాబు చెబుతాడు.

మీటరు ముల్లు తీగ చివరి ప్లగ్గులో పెట్టి, రెండో ముల్లు ఎర్రతీగకి ఆనించింది. మీటరు కూసింది. ఎర్ర సరైన చోటే ఉంది. నలుపు కూడా. కరెంటు మోసేవి ఆ రెండే. మిగతావి మూడు. పసుపు పలకలేదు. ముల్లు పక్కకి జరిపింది. పలికింది. పసుపూ తెలుపూ తారుమారు. అయితే చిప్పు బతికి ఉండొచ్చు.

"ఒసే బవానీ, ఆ ముక్కలు తరవాత సూద్దువు గాని, పప్పు తాలింపెయ్యి" అత్త నారాయణమ్మ గుమ్మంలో నిలబడింది. "మగోడి పనిలో ఏలెడితే ఇంటి పనెవులు సేస్తారే?"

"ఐదు నిమిషాలత్తా."

ఆమె వెనకే ఈశ్వర్ వచ్చాడు. "సొక్కా ఇస్త్రీ సెయ్యలేదేటి? ఆయన పొటో తీస్తానన్నాడు."

గదిలో గోడకున్నది ఒకటే ప్లగ్గు. దానిలో అతుకులు వేసే సోల్డరింగ్ ఐరన్ కాలుతోంది. అది పీకి ఇస్త్రీపెట్టె పెడితే మళ్ళీ వేడెక్కడానికి టైముండదు. ఆమె పీకలేదు.

"ముడతల్తోనే ఏసుకో బావా."

అతను గొణుక్కుంటూ వెళ్ళాడు. ఆమె రెండు పాత అతుకులూ కరిగించి, తీగలు మార్చి, కొత్తవి పెట్టింది. ఆఖరి స్క్రూ బిగిస్తుంటే బయట కారు ఆగింది. పరీక్షించడానికి టీవీ కొట్లో ఉంది. ఈశ్వర్ వచ్చి కంట్రోలర్ ఆమె చేతిలోంచి తీసుకుని వెళ్ళిపోయాడు.

కర్టెన్ వెనక నిలబడి కళ్ళు మూసుకుంది. ప్లగ్గు గుచ్చిన చప్పుడు. ఏమీ లేదు. ఇంకా ఏమీ లేదు. ఆ తరవాత ఆటలోని పాట మొదలైంది. మురళీమోహన్ గారు తీగని అటూ ఇటూ ఊపి చూశారు. బొమ్మ ఆగకుండా పరిగెత్తింది.

"మా అక్కా నేనూ దీంతోనే ఆడేవాళ్ళం" అన్నారాయన. "మొన్న పూర్తిగా పోయిందన్నారు కదా, ఏమైందండీ?"

"మా ఆడది సర్దతా తీగ లాగేసినాదండి. ఆడోళ్ళకి ఇయన్నీ ఏటి తెలుస్తాది? నేను కూకొని సరిసేసినాను."

"ఏం సరిచేశారు?"

"బవానీ, టీ అట్టుకురా."

ఆమె చీటీ మీద ముందే రాసిపెట్టింది. పెన్ను తీసి దాని కింద ఇంకో రెండు మాటలు చేర్చింది. రెండు గ్లాసులూ పట్టుకుని వెళ్ళింది. స్టూలు మీద కూర్చున్న ఈశ్వర్ ముందు గ్లాసు పెట్టింది. అతను అలవాటుగా ఎత్తాడు. కింద ఏమీ లేదు. ఆమె రెండో గ్లాసు అతిథి ముందు పెట్టింది. మురళీమోహన్ గారు గ్లాసు ఎత్తి, కింద కాగితం చూసి, కళ్ళజోడు సర్దుకుని పైకే చదివారు.

"పసుపు, తెలుపు తీగలు తారుమారుగా అతికారు. మీటరు పెట్టి మార్చాను. అతుకులు నావి. దుర్గాభవాని." ఆయన తలెత్తారు. "దుర్గాభవాని ఎవరండీ?"

ఈశ్వర్ గ్లాసు కింద పెట్టలేదు, తాగలేదు. లోపలినుంచి అత్త పిలుస్తోంది, పప్పు సంగతేటని.

"నేనేనండి. మూత తీసి చూపిస్తాను" అంది ఆమె. తరవాత మొగుడి వైపు తిరిగింది.

"ఒకపాలి లెగు బావా. ఆ స్టూలు నాకు కావాలి."