ఒకే మొహం వేసుకున్న డబ్బాలు

ఆస్ట్రేలియాలో గనుల ఊరు మౌంట్ ఐసాలో, ఒక వీడియో గేముల కొట్టు కౌంటర్ వెనక పద్నాలుగేళ్లుగా నిలబడుతున్న మెర్లీన్‌ని బురిడీ కొట్టించడం ఎవరివల్లా కాదని ఊళ్లో పేరు. ఆవిడనే ఒక ప్లాస్టిక్ డబ్బా బురిడీ కొట్టించింది.

బర్క్‌టౌన్ నుంచి నాలుగు వందల కిలోమీటర్లు వచ్చిన హేజెల్ ఆంటీ, మనవరాలి పుట్టినరోజుకి రగ్బీ గేమ్ అడిగింది. ఇంట్లో గేములాడే మిషన్ పాతదని రెండుసార్లు చెప్పింది కూడా. ఆ కొట్లో అరల మీద ఉండేవి ఖాళీ డబ్బాలు. సీలు వేసిన అసలు సరుకు దొంగల భయానికి కౌంటర్ వెనక సొరుగుల్లో, పేర్ల వరసన ఉంటుంది. ఆట పేరొకటే కాబట్టి పాత మిషన్‌దీ కొత్త మిషన్‌దీ ఒకే సొరుగు. రెంటి మీదా అదే ఆటగాడు, అదే నీలం రంగు. తేడా అంతా పైఅంచున ఒక అంకె, అదీ చీమ తలకాయంత. మెర్లీన్ చెయ్యి పెట్టింది, తీసింది, ఇచ్చింది. అది కొత్తదానిది. పుట్టినరోజు నాడు పాత మిషన్ ఆ డిస్కుని బయటికి ఉమ్మేసింది. పిల్ల ఏడ్చింది.

వారం తర్వాత ఆంటీ మళ్లీ అంత దూరమూ వచ్చింది. సీలు చింపిన డబ్బా వాపసు తీసుకోరని కంపెనీ రూలు. గురువారం మేనేజరు వస్తాడు, ఆయన్నే అడగమన్నారు కంపెనీవాళ్లు ఫోన్లో. ఆంటీని చెల్లెలింట్లో ఆగమని, మెర్లీన్ తెల్ల స్టిక్కర్లు కొనుక్కొచ్చి ప్రతి డబ్బా మీదా లావుపాటి నల్ల అక్షరాలతో రాసింది: పాత మిషన్‌కి. కొత్త మిషన్‌కి. కొన్నిటి మీద: లోపల డిస్క్ లేదు. అవి అన్నిటికన్నా దిక్కుమాలినవి. తెరిస్తే ఒక కాగితం, దాని మీద నంబరు. గేమ్ ఇంటర్నెట్‌లోంచి దించుకోవాలట. బర్క్‌టౌన్‌లో అది దిగేసరికి పుట్టినరోజే కాదు, సెలవులూ అయిపోతాయి.

గురువారం టౌన్స్‌విల్ నుంచి మేనేజరు బ్రెండన్ దిగాడు. స్టిక్కర్లు చూసి మొహం మాడ్చుకున్నాడు. చెప్పాల్సినదంతా డబ్బా మీదే ఉంది, చదవకపోవడం పనిచేసేవాళ్ల తప్పు అన్నాడు. తప్పు తనదేనని మెర్లీన్ సంతకం పెడితే ఆంటీకి ఇప్పుడే మార్చి ఇస్తానని కాగితం ముందుకు తోశాడు. అలాంటి సంతకాలు మెర్లీన్‌వి ఇదివరకే రెండున్నాయి. మూడోదానితో ఉద్యోగం పోతుంది.

సంగతి అర్థమై ఆంటీ అడ్డుపడింది. "పెట్టకు పిల్లా. ఒక ఆట కోసం నీ కూడు పోగొట్టుకుంటావా? దానికి బంతి కొనిపెడతాలే, బయట తన్నుకుంటుంది."

"మీరుండండి ఆంటీ." మెర్లీన్ బ్రెండన్ వైపు తిరిగింది. "ముందు రెండుసార్లూ ఇదే తప్పు. రెండుసార్లూ సిగ్గుపడి తల వంచుకుని సంతకం పెట్టాను. పద్నాలుగేళ్లు ఇదే పని చేసిన నా కళ్లకి దొరకని అంకె ఈవిడకి ఎలా దొరుకుతుందయ్యా? మీకు తెలియక కాదు. తప్పుడు డబ్బా పట్టుకెళ్లినవాడు పిల్లల పోరు పడలేక చివరికి కొత్త మిషనే కొంటాడు. మీకు కావలసిందీ అదే."

"అవన్నీ మీటింగులో మాట్లాడుకుందాం. సంతకం పెడతారా లేదా?"

పెట్టింది. కాగితం మాత్రం వెంటనే ఇవ్వలేదు. ముందు సొరుగు లాగి, డబ్బాని ట్యూబులైటు కింద పట్టి అంకె చదివి, ఆంటీ చేతికి ఇచ్చి, అప్పుడు అతని ముందు పడేసింది. ఆంటీ ఆవిడ మణికట్టు గట్టిగా పట్టుకుని వదిలింది. వెళ్లకుండా గుమ్మం పక్క కుర్చీలో కూర్చుంది.

బ్రెండన్ చొక్కా చేతులు మడిచి స్టిక్కర్లు గోటితో పీకడం మొదలుపెట్టాడు. పది పీకాడో లేదో, షిఫ్టు దిగిన గనిమనిషి ఒకడు స్టిక్కర్లు ఊడిన రెండు డబ్బాలు పట్టుకొచ్చి, వీటిలో పాతదానికి పనికొచ్చేది ఏదని అడిగాడు. బ్రెండన్ ఒకటి తిప్పాడు. రెండోది తిప్పాడు. కిటికీ దగ్గరికి నడిచాడు.

"మెర్లీన్, ఇది దేనిది?"

ఆవిడ సంచీ భుజాన వేసుకుంటోంది. "అంతా డబ్బా మీదే ఉందన్నావుగా. చదువు, వింటాం."

ఎవరూ నవ్వలేదు. గనిమనిషి చేతులు కట్టుకు నిలబడ్డాడు. బ్రెండన్ ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.